గుమ్మం పక్క గోడ మీద జోగమ్మ

ఈ కబురు నాకు మొదట తెచ్చింది కవిత. మా ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. మీటింగుల కోసం ఖమ్మం వచ్చినప్పుడల్లా ఖానాపురం హవేలిలో నేనుండే మా తమ్ముడి ఇంటికి వచ్చి, నా బీపీ చూసి, ఊరి సంగతులు చెప్పి, టీ తాగి వెళ్తుంది. ఆ రోజు షేర్ ఆటో దిగి వచ్చిన పిల్ల బీపీ మిషను సంచిలోంచి తీయనే లేదు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుంది. "మందిరంల గోడ చెక్కిండ్రు అమ్మమ్మా," అంది. ఏ గోడ అని నేను అడగలేదు. ఆ మందిరంలో ఆమెకూ నాకూ కావలసిన గోడ ఒక్కటే.

మా ఊరి రామమందిరంలో, లోపలివైపు గుమ్మం పక్కన ఉన్న గోడ మీద శబరి బొమ్మ ఉండేది. ఆ బొమ్మలో ఉన్న మనిషి జోగమ్మ. జోగమ్మ కవితకు సొంత అమ్మమ్మ, నన్ను ఊరికే అలా పిలుస్తుంది. ఆ బొమ్మ గీసింది నేను, పదమూడో పద్నాలుగో ఏట. తర్వాత ఎప్పుడో మందిరానికి కరెంటు పెట్టినప్పుడు స్విచ్చుబోర్డు తెచ్చి సరిగ్గా శబరి ముఖం మీద బిగించారు. కవిత పుట్టకముందే జోగమ్మ పోయింది. ఆమెను ఎవరూ ఎన్నడూ ఫొటో తీయలేదు. కాబట్టి ఈ పిల్లకు వాళ్ళ అమ్మమ్మ మెడ కింది నుంచి మాత్రమే తెలుసు. చేతులు, చేతుల్లో ఆకుదొప్ప, పాదాలు. మెడ పైన నాలుగు స్విచ్చులు, ఒక ఫ్యాను రెగ్యులేటరు. మందిరం బాగుచేస్తున్నారని తెలిసి కవిత కమిటీవాళ్ళను అడిగింది, ఆ బోర్డు పక్కకు జరపండి, కింద ముఖం ఏమన్నా మిగిలిందేమో చూసుకుంటానని. సరే, తీసే రోజు పిలుస్తామన్నారట. "నేను టీకాల డ్యూటీల ఉన్న. వచ్చేసరికి బోర్డు లేదు, గోడ లేదు. కింద పొడి పడి ఉంది," అంది. ఆ పొడి మీదే టైల్స్‌కు సిమెంటు కలుపుతున్నారట.

గ్లాసు కింద పెట్టింది. "నువ్వే గీసినవు గదా అమ్మమ్మా. ఇంకొక్కసారి గియ్యి. కాగితం మీదనే చాలు. నాకు ముఖం చూడాలని ఉంది." గీస్తానమ్మా అన్నాను. రాముడి దయవల్ల నా చేతులు ఇంకా వణకడం లేదు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

మా ఊరు దమ్మపేట దాటాక, ఆంధ్ర సరిహద్దు వైపు, ఒకప్పుడు అడవి ఇంటి వెనక దాకా వచ్చి ఆగిన ఊరు. తాతయ్య కృష్ణా జిల్లా వైపు నుంచి భూమి కోసం వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఆ భూమి అంతకుముందు ఎవరిదో మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం తర్వాత నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడి వాగుకు అవతల. అందుకని నా బడి వసారాలోనే జరిగింది. పొద్దున్నే తాతయ్య రామాయణం పారాయణ చేసి, అదే పీట మీద కూర్చుని నాకు ఇసుక పళ్ళెంలో అక్షరాలు దిద్దించేవాడు. నానమ్మ తెల్లవారుజామున కళ్ళాపి చల్లి, ఒక చిటికె నస్యం పీల్చి, అప్పుడు గాని ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ తుమ్ము వినబడిందంటే ఇల్లు లేచిందన్నమాట. దేవుడి దగ్గర ఇప్పనూనె దీపం వెలిగేది. ఆ వాసన, తడి పేడ వాసన, వానాకాలమైతే పెరట్లో నానబెట్టిన అడ్డాకుల పచ్చి వాసన, ఈ మూడూ కలిస్తే నా చిన్నతనం. మిరపకాయలు కల్లంలో ఆరే రోజుల్లో మాత్రం అన్నీ మరిచి అందరం దగ్గుతూ ఉండేవాళ్ళం. బడికి పోలేదన్న దిగులు నాకు ఎప్పుడూ లేదు. ఒకచోట కూర్చుని చూస్తూ ఉండే అవకాశం దేవుడు నాకు ఆ కాలు రూపంలో ఇచ్చాడనే అనుకుంటూ వచ్చాను, ఇప్పటికీ అనుకుంటాను.

కూర్చుని వేయగలిగినంత మేరా ముగ్గులు వేసేదాన్ని. ముగ్గులో చిలకలు వచ్చాయి, ఏనుగులు వచ్చాయి, మనిషి మాత్రం రాలేదు. అలా ఉండగా ఒక ఎండాకాలం ఊళ్ళో రామమందిరం కట్టడం మొదలుపెట్టారు. గోడల మీద బొమ్మలు వేయడానికి ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. అందరూ ఆచారి గారనేవారు. బస మా వసారాలో. కొబ్బరిచిప్పల్లో తుమ్మబంక నానబెట్టి, రంగుపొడులు నూరుకుంటూ, మధ్యలో చుట్ట కాల్చుకుంటూ ఉండేవాడు. నేను పక్కన చేరి బంక కలిపి పెడుతుంటే ఒకరోజు ఒక కొబ్బరి ఈనె విరిచి నా చేతికిచ్చాడు. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఒక తల. దేవుడికి అలాంటివి తొమ్మిది. ఇంత దగ్గర భుజం, ఇంత దగ్గర నాభి, ఇంత దగ్గర మోకాలు. ఈ కొలత తప్పకపోతే ఎవడు గీసినా దేవుడే వస్తాడన్నాడు. నానమ్మ విని, ఇంకొక్క తల కలిపితే రావణాసురుడవుతాడు జాగ్రత్త అని నవ్వింది. మరి మనుషులకెన్ని తలలని నేనడిగాను. ఆచారి గారు చుట్ట నోట్లోంచి తీసి, "మనుషుల బొమ్మలు ఎవరు వేయించుకుంటారమ్మా?" అన్నాడు.

వానలు పడేలోగా రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు గోడల మీదికి వచ్చేశారు. గుమ్మం పక్క గోడకు సున్నం అప్పుడే మెత్తారు, ఆరలేదు. అక్కడ శబరి రావాలి. శబరి ఈ అడవి మనిషేనని, అవతల గోదావరిలో కలిసే ఏటికి ఆవిడ పేరేనని, ఊరి మందిరంలో ఆవిడ లేకపోతే బాగుండదని తాతయ్య పట్టుబట్టాడు. ఆచారి గారు దసరా వెళ్ళాక వచ్చి వేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. తాతయ్య నా వైపు చూసి, ఈలోగా నువ్వు బొగ్గుతో గీసి ఉంచు, ఆయన వచ్చి రంగు నింపుతాడు అన్నాడు. అది ఆట కోసం అన్న మాటో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. నేను నిజమనే తీసుకున్నాను. ఆ నాలుగు నెలలూ నా ప్రాణమంతా ఒక మనిషిని నిలబెట్టడం మీదే ఉంది.

శబరిలా ఉండే మనిషి కోసం నేను వెతుక్కోనక్కరలేదు. జోగమ్మ రోజూ మా పెరట్లోనే ఉండేది. అడవి అంచున ఉన్న కోయగూడెం ఆమెది. పొలం పనుల్లేనప్పుడు అడ్డాకులు కట్టలుగా తెచ్చి, చూరు కింద కూర్చుని సన్నటి పుల్లలతో విస్తళ్ళు కుట్టేది. మందిరానికి ఇసుకా సున్నమూ మోసిన ఆడవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ గుమ్మం పక్క గోడను అరచేత్తో నున్నగా మెత్తింది ఆమే. నా కాలు నొప్పి పెట్టిన రోజుల్లో నన్ను చంకనెత్తుకుని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు దాటించింది కూడా ఆమే. ఒక్క షరతు మీద నానమ్మ నన్ను గీయనిచ్చింది. బొమ్మ కోసమని జోగమ్మ చేతులు ఆగకూడదు.

చీపురుపుల్ల ఒకటి చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, జోగమ్మ నిలబడ్డప్పుడు తల కొలిచి కిందికి దించుకుంటూ వచ్చాను. ఏడు, ఆపైన కొంచెం. పాదాలు వచ్చేశాయి. పుల్ల జారిందేమో అనుకుని మళ్ళీ కొలిచాను. ఏడే. అప్పుడు నేనొక పని చేశాను. కొలవడం నాకు చేతకాలేదనుకుని, పశువులపాక గోడ మీద ఆమెను తొమ్మిది తలల పొడవున గీశాను. తక్కువైన రెండూ కాళ్ళలో కలిపాను. జోగమ్మ కట్ట దించుకుని వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏంది పాపా, ఎవరిది ఈ బొమ్మ?"

"నీదే."

"నేను గింత పొడుగుంటే చింతకాయ కొయ్యనీకి గెడ పని లేకపోవు గదా," అంది. నవ్వుతూనే పోయి ఆకుల ముందు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. పుల్ల పట్టుకుని ఇంట్లో అందరినీ కొలవడం మొదలుపెట్టాను. తాతయ్య ఏడు. నానమ్మ వంగిపోయింది కాబట్టి ఆరున్నర. ఊరి పెద్ద అని పేరున్న మా పెదనాన్న ధాన్యం కొలిపిస్తూ నిటారుగా నిలబడితే దొంగచాటుగా కొలిచాను. ఏడుంబావు. సరిగ్గా జోగమ్మ అంతే. ఆ ఇంట్లో తొమ్మిది తలల మనిషి ఒక్కరూ దొరకలేదు. తాతయ్యకు చెబితే చాలాసేపు నవ్వి, "అయితే ఉన్నవాళ్ళను ఉన్నట్టు గియ్యవే," అన్నాడు. నాకు బొమ్మ నేర్పిన మాట అదొక్కటే. ఆచారి గారు కొలత నేర్పాడు, తాతయ్య ఆ కొలతను వదిలెయ్యడం నేర్పాడు. ఇద్దరికీ రుణపడ్డాను.

అక్కణ్ణుంచి గీత నిలబడుతూ వచ్చింది, ఒక్కో అవయవంగా. మనిషి పొడవులో సగం నడుము దగ్గర రాదని, ఇంకా కిందికి, తొడలు మొదలయ్యే చోట వస్తుందని పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. అరచేయి విప్పి ముఖానికి ఆనించుకుంటే గడ్డం నుంచి నుదుటి దాకా వస్తుందని తెలిశాక చేతులు సరిపోయాయి. అంతకుముందు నేను గీసిన చేతులన్నీ పసిపిల్లల చేతులు. జోగమ్మ ఆగదు కాబట్టి ఆగని మనిషిని గీయడం కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఆకు తీయడం, మడవడం, పుల్ల గుచ్చడం, మిగిలిన ముక్క గిల్లి పారెయ్యడం. ఒకసారి తప్పిపోయిన భంగిమ మళ్ళీ వస్తుంది, అప్పటిదాకా బొగ్గు ఎత్తి పట్టుకుని ఉండాలి. పుల్ల గుచ్చేటప్పుడు ఆమె కుడి బొటనవేలు వెనక్కి విల్లులా వంగేది. పాదాల్లో వేళ్ళు ఒకదానికొకటి దూరంగా, నేలను పట్టుకున్నట్టు ఉండేవి. చెప్పులు వేసుకున్న పాదాలు అలా ఉండవు.

అన్నిటికంటే కష్టం మనిషి నిలబడటం. నా బొమ్మలన్నీ పాతిన గుంజల్లా ఉండేవి. ఆచారి గారి దేవుళ్ళు రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడతారు. దేవుడికి అలసట లేదు కదా. ఒకనాటి సాయంత్రం జోగమ్మ ఆకుల మోపు దించి, బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ మోకాలు వదులుగా వంచి, నానమ్మతో ఏదో మాట్లాడుతూ ఉంది. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేచింది, అదే వైపు భుజం కిందికి జారింది. చూసీ చూడగానే నా ఒళ్ళే నాకు గుర్తొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నిలబడేది అలాగే గదా, కుడికాలి మీద. గుంజ పట్టుకుని లేచి నిలబడి, నా తుంటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆ రాత్రి అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. మర్నాడు గీసిన జోగమ్మ పాక గోడ మీద నిజంగా నిలబడింది. ఆమె చూసి ఈసారి నవ్వలేదు. "గిప్పుడు నేనే," అంది.

తర్వాత మందిరం గోడ. అప్పటికింకా ప్రతిష్ఠ కాలేదు. లోపల ఇటుకలు, సున్నం గంపలు, కూలివాళ్ళ సద్దిమూటలు. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా అడిగేవాళ్ళు లేరు. జోగమ్మ నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళి గోడ ముందు పీట మీద నిలబెట్టేది. శబరి ఆకుదొప్పలో పండ్లు పట్టుకుని, కుడికాలి మీద బరువుంచి, కొద్దిగా ముందుకు వంగి చూస్తుంటుంది. ముఖం చివరికి మిగిల్చాను. ఆ మధ్యాహ్నం జోగమ్మ పని మానుకుని నా ఎదురుగా నిలబడింది, ఆ ఒక్కపూటే. నవ్వు ఆపుకోలేకపోతుంటే, నీకు బాగా చూడాలని ఉన్నవాళ్ళను తలుచుకో అన్నాను. ఆమె కూతుర్ని ఆ ఏడే దుమ్ముగూడెం వైపు ఇచ్చారు. వాగులు పొంగి రెండు నెలలుగా కబురు లేదు. ఉన్నట్టుండి ఆమె ముఖం వేరే అయిపోయింది. నేను గబగబా గీశాను. గీశాక ఆమె దగ్గరికి వచ్చి, గోడ మీద సున్నం తడిమినట్టే తడమబోయి, బొగ్గు చెరుగుతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

దసరా వెళ్ళాక ఆచారి గారు వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చుట్ట ఆరిపోయింది. చెయ్యి బాగుందమ్మా అన్నాడు, కానీ ఇది కుదరదన్నాడు. ఎందుకని తాతయ్య అడిగితే, "ఇది ఎవరో తెలిసిపోతోందండీ. గుళ్ళో బొమ్మను చూసి జనం దణ్ణం పెట్టుకోవాలి గాని పలకరించకూడదు," అన్నాడు. పెదనాన్న సంగతి చెప్పక్కరలేదు. మన పాలేరు మనిషిని గోడెక్కించి పూజ చెయ్యాలా అన్నాడు. రాముడి పక్కన మరీ పొట్టిగా ఉందన్నారు ఇంకొకరు. తాతయ్య అందరి మాటా విని, "శబరి ఎవరి మనిషిరా? ఎవరింటి ఆడపడుచు?" అన్నాడు. ఆ మాటతో బొమ్మ ఉండిపోయింది. ఆచారి గారు కాదనుకున్న బొమ్మకే మనసు పెట్టి రంగు వేశాడు. ఒంటి రంగు తెలుపు చేయలేదు, పాదాల పగుళ్ళు పూడ్చలేదు. అందుకు ఆయనకు ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. కింద ఆయన పేరు, పెదనాన్న పేరు రాశారు. నా పేరు కూడా రాయమని తాతయ్య అంటే, పెళ్ళి కావలసిన పిల్ల పేరు గోడల మీద ఎందుకన్నారు. ఆ పెళ్ళి ఎటూ కాలేదు.

శ్రీరామనవమికి ప్రతిష్ఠ, వెంటనే కల్యాణం. పందిట్లో పానకం, మిరియాల ఘాటు, కొత్త సున్నం వాసన. జోగమ్మ తలకు నూనె పెట్టుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, గూడెం ఆడవాళ్ళను నలుగురిని వెంటేసుకుని వచ్చింది. రంగులు వేశాక ప్రతిష్ఠ దాకా మందిరం మూసి ఉంచడంతో ఆమె బొమ్మను చూడలేదు. నేను లోపల గుమ్మం దగ్గరే కూర్చుని ఉన్నాను. ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టిగా కూడా అనలేదు. "అక్కడే ఆగు. అక్కణ్ణుంచి దణ్ణం పెట్టుకో," అన్నాడు. అక్కణ్ణుంచి రాముడు కనబడతాడు, సీత కనబడుతుంది. గుమ్మం పక్క గోడ ఎంత వంగి చూసినా కనబడదు. నిరుడు ఆ గోడను అరచేత్తో మెత్తిన మనిషి గుమ్మం బయట నిలబడిపోయింది. నేను తాతయ్య వైపు చూశాను. శబరి కోసం ఊరితో వాదించిన తాతయ్య పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

జోగమ్మ మెట్టు దిగి, అటు పక్కకు వచ్చి, నాకు వినబడేలా మెల్లగా అడిగింది. "రంగుల ఎట్లున్న పాపా?"

నీలాగే ఉన్నావని చెప్పాను. చీర గోధుమరంగు అని, దొప్ప పచ్చగా ఉందని, పండ్లు ఎర్రగా ఉన్నాయని చెప్పాను. ఒక్కొక్కటీ వింటూ తల ఊపింది. వెనక గూడెం ఆడవాళ్ళు ఏందట, ఏందట అంటున్నారు. వాళ్ళ వైపు తిరిగి, "నేను లోపల్నే ఉన్ననట. మళ్ళ పోవుడెందుకు?" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత పందిరి వెనక కూర్చుని ఆ రోజు భోజనాలకు కావలసిన విస్తళ్ళు కుట్టింది. లోపల ఆమె చేతుల్లోని దొప్పకు హారతి ఇచ్చారు.

ఆ మాట ఆమె ఎందుకన్నదో చాలా ఏళ్ళు ఆలోచించాను. నన్ను ఓదార్చడానికా, గూడెం వాళ్ళ ముందు పరువు నిలుపుకోవడానికా, లేక నిజంగా అలాగే అనుకుందా. ఇప్పటికీ తెలియదు. రెండు మూడేళ్ళకు ఆమె కూతురి దగ్గరికి దుమ్ముగూడెం వైపు వెళ్ళిపోయింది. చాలాకాలానికి, అక్కడే పోయిందని సంతలో ఎవరో మా తమ్ముడితో అన్నారు. మందిరంలో స్విచ్చుబోర్డు పెట్టిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. తాతయ్య అప్పటికి లేడు. కరెంటు మనిషి మేకులు పట్టుకుని ఎక్కడ కొట్టమంటారని అడిగాడట. ఏ గోడ చూసినా దేవుడే. దేవుడి మీద ఎలా కొడతాం అని పెద్దలంతా ఆలోచించి, ఈవిడ దేవత కాదుగా అని గుమ్మం పక్కకు చూపించారట. సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్ళి చూశాను. చాలా కచ్చితంగా బిగించారు. తల పొడవు ఎంతో కొలిచి బిగించినట్టే ఉంది.

కవిత వచ్చి వెళ్ళిన వారానికి తమ్ముడు నన్ను కారులో ఊరికి తీసుకెళ్ళాడు. చుట్టూ పామాయిల్ తోటలు. అడవి ఎక్కడ ఆగేదో గుర్తుపట్టలేకపోయాను. మందిరం చల్లగా, నున్నగా, దవాఖానాలా మెరుస్తోంది. గూడెం పిల్లలు చెప్పులు విప్పి గబగబా లోపలికి వచ్చి గంట కొట్టి వెళ్ళారు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ సంగతికి రాముడికి దణ్ణం పెట్టుకున్నాను, మనస్ఫూర్తిగానే. గుమ్మం పక్క గోడ మీద టైల్స్‌లో కొత్త శబరి ఉంది. తెల్లటి మనిషి, నెరిసిన జుట్టు, ముడత లేని ముఖం, రాముడి భుజం దాటిన ఎత్తు. పాదాలు పువ్వుల్లో దాచేశారు. నేను చేయి చాచి, పెన్ను నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచి కిందికి దించుకుంటూ వచ్చాను. తొమ్మిది. మా పెదనాన్న మనవడు శ్రీను ఇప్పుడు కమిటీ పెద్ద. పక్కనే నిలబడి, "బాగుందా అత్తయ్యా? పాతదంతా చెమ్మెక్కి పెచ్చులూడింది. దీనికి ఆ తలనొప్పి లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు," అన్నాడు. మంచివాడే. అప్పట్లో ఆమె బొమ్మ లోపల ఉండి ఆమె బయట నిలబడింది. ఇప్పుడు ఆమె మనవరాలు లోపలికి వెళ్ళగలదు, వెళ్తే అక్కడ ఆమె లేదు.

ఇంటికి వచ్చి కాగితం పెట్టుకున్నాను. కోడిగుడ్డు ఆకారంలో తల గీశాను, దానితో ఏడుంబావు కొలిచి కిందికి గీత దించాను. కుడికాలి మీద బరువు, లేచిన తుంటి, జారిన భుజం, వెనక్కి వంగిన బొటనవేలు, నేలను పట్టుకున్న పాదాలు. ఒక్కటీ తప్పలేదు, ఇన్నేళ్ళ తర్వాత. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎదురుగా నిలబడటం గుర్తుంది. కూతుర్ని తలుచుకోగానే ముఖం మారడం గుర్తుంది. నేను గీయడం గుర్తుంది. ఏం గీశానో గుర్తు లేదు. చంకనెత్తుకున్న మనిషి మెడ తెలుస్తుంది, చెమటా ఇప్పనూనే కలిసిన వాసన తెలుస్తుంది, ముఖం అంతగా తెలియదు కాబోలు. పూజ దగ్గర కూర్చుని అడిగాను, రోజూ అడుగుతున్నాను. నాకు ఎన్నో ఇచ్చిన స్వామి ఇది మాత్రం ఇవ్వడం లేదు. నా చేతికి ఏదో ఒక ముఖం వస్తుంది, ముక్కూ కళ్ళూ కుదురుతాయి, కానీ అది జోగమ్మ కాదు. ఎవరో ఒకరి ముఖం పెట్టి ఆ పిల్లకు ఇదే మీ అమ్మమ్మ అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మొన్న కవిత వచ్చినప్పుడు కాగితం అలాగే ఇచ్చాను. మెడ పైన ఖాళీగా, తల గీత మాత్రమే. చాలాసేపు చూసింది. చేతుల మీద వేలు పెట్టి, పాదాల మీద వేలు పెట్టి, వీటిని తాను గుర్తుపట్టగలనంది. తర్వాత ఖాళీని చూస్తూ, "ఫర్వాలేదులే అమ్మమ్మా. నాకు ఎప్పుడూ ఇంతవరకే కనబడ్డది. బోర్డు లేదు, అంతే తేడా," అంది. నా బీపీ చూసి, ఎక్కువుందని చెప్పి, కాగితం మడత పడకుండా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇది చదివే మీలో ఎవరైనా ఎప్పుడైనా దమ్మపేట దాటి అటు వెళ్తే, ఆ మందిరంలో అడుగు పెడితే, రాముడికి దణ్ణం పెట్టుకున్నాక ఒక్కసారి వెనక్కి తిరిగి గుమ్మం పక్క గోడను చూడండి. అక్కడున్న తొమ్మిది తలల బొమ్మను కాదు. ఆ గోడను అరచేత్తో మెత్తి, దాని మీద నిలబడి, దాన్ని రంగుల్లో ఎన్నడూ చూడకుండా వెళ్ళిపోయిన ఏడుంబావు తలల మనిషిని తలుచుకోండి. ఆమె ముఖం నేను మీకు ఇవ్వలేకపోయాను. పేరు ఇస్తున్నాను, అదొక్కటైనా గుర్తుంచుకోండి. జోగమ్మ.